కారు తాళం గుమ్మం దగ్గర పెట్టకండి

బటన్ నొక్కితే స్టార్టయ్యే కారు తాళాన్ని వీధి గుమ్మం పక్కన కొక్కేనికి తగిలించకండి. దొంగలు దాని సిగ్నల్‌ను బయటి నుంచే పట్టి, కారు దాకా చేరవేసి తలుపు తెరుస్తారు. మూత గట్టిగా పడే రేకు డబ్బాలో పెట్టి, డబ్బాతోనే కారు దగ్గరికి వెళ్లి చూడండి. తలుపు తెరుచుకోకపోతే సిగ్నల్ ఆగినట్టే. స్టీరింగుకు ఇనుప లాక్ కూడా మంచిదే.

అర్ధరాత్రి అలికిడైతే మాత్రం దయచేసి కర్ర పట్టుకుని పరుగెత్తకండి. లైట్లు వేసి, గట్టిగా కేకలు పెట్టి, 112కు ఫోన్ చేయండి. భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ ఆస్తిని కాపాడుకునే హక్కు ఇస్తుంది, కానీ అవసరానికి మించి కొట్టకూడదని 37వ సెక్షన్ చెబుతుంది. కారు వదిలి పారిపోతున్నవాడిని వెంటాడి తల పగలగొడితే కేసు మీ మీద పడవచ్చు. కారు పోతే బీమావాళ్లు రెండు తాళాలూ అడుగుతారు, రెండోది భద్రంగా దాచండి.