విశాఖలో చదువుకుంటూ పని చేయాలంటే ఎక్కడ అడగాలి, ఏం చూసుకోవాలి?

బయోడేటా సంగతి తర్వాత, ముందు టైమ్‌టేబుల్ ముందేసుకోండి. హాజరు 75 శాతం ఉండాలి కదా. సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుంటే 22 రోజులకు మించి మానేయడానికి లేదు. జ్వరానికీ, ఊళ్లో పెళ్లికీ ఓ పది పోతే మిగిలేది పన్నెండే. హాజరు తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ చిక్కే. నెలకి నాలుగు వేల కోసం ఏడాది ఫీజు మీదకి తెచ్చుకోవడం ఏం లెక్క? అందుకే ఖాళీ గంటలు మాత్రమే రంగు పెన్నుతో గుర్తు పెట్టుకోండి. వారానికి 12 నుంచి 15 గంటలు చాలు.

తర్వాత క్యాంపస్‌లోనే అడగండి. ఇలాంటి పనులు నోటీసు బోర్డు దాకా రావడం తక్కువ. డిపార్ట్‌మెంట్ ఆఫీసు, లైబ్రరీ, ల్యాబ్, ప్లేస్‌మెంట్ సెల్‌కి స్వయంగా వెళ్లాలి. అడ్మిషన్లప్పుడు, కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు ఫైళ్ల పని కుప్పలుగా పడుతుంది. ‘ఏదైనా పని ఉందా సార్’ అంటే చూద్దాంలే అని పంపేస్తారు. ఇలా అడిగి చూడండి: ‘సార్, మంగళ, గురువారాలు రెండు తర్వాత నాకు క్లాసుల్లేవు. ఎక్సెల్, తెలుగు టైపింగ్ వచ్చు.’

డబ్బు సంగతి మొహమాటపడకుండా మొదటిరోజే తేల్చుకోండి. కాలేజీ డబ్బు బిల్లు పాసైతేగానీ రాదు, నెలలు పట్టొచ్చు. చేసిన గంటలు తేదీలవారీగా రాసి, వారం వారం సంతకం చేయించుకోండి. ఆ కాగితం లేకపోతే బిల్లు పెట్టేటప్పుడు ఎన్ని గంటలు చేశారో ఎవరికీ గుర్తుండదు.

బయటైతే ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో పేపర్లు దిద్దే పని, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వైపు ఇంటి ట్యూషన్లు చూడొచ్చు. డీటీపీ షాపుల్లో యూనికోడ్‌తో పాటు ప్రింటింగ్‌లో వాడే ‘అను’ తెలుగు ఫాంట్లూ వచ్చినవాళ్లకి గిరాకీ ఎక్కువ. జీతం వినగానే తలూపకండి. గాజువాక నుంచి మద్దిలపాలెం వచ్చి చేసే పనికి నెలకి 4,000 ఇస్తారనుకుందాం. రానూపోనూ రోజుకి 60 చొప్పున 24 రోజులకి 1,440 పోతుంది. చేతికి మిగిలేది 2,560. అదే మీ వీధిలో మూడు వేల ట్యూషన్ దొరికితే దాన్నే పట్టుకోండి.

రిజిస్ట్రేషన్ ఫీజో, డిపాజిట్టో అడిగితే అక్కడితో ఆపేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. జిరాక్స్ మీద ఎందుకిస్తున్నారో అడ్డంగా రాసి ఇవ్వండి. కమీషన్ ఇస్తాం, మీ బ్యాంకు అకౌంటు వాడుకుంటాం అంటే అది పని కాదు, కేసు. డేటా ఎంట్రీ పేరుతో కాంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టు 2024లో విశాఖ పోలీసులే రట్టు చేశారు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సెమిస్టర్ పరీక్షలకి పది రోజులు రానని చేరేరోజే చెప్పి, యజమాని చేత వాట్సాప్‌లో ‘సరే’ అనిపించుకోండి.