పాత ఫ్లాట్ అమ్ముతున్నారా? రేటు ఎలా కట్టాలో నా అనుభవంతో చెప్తా

హైదరాబాద్ నిజాంపేటలో మా నాన్నగారి ఫ్లాట్ అమ్మడానికి పదకొండు నెలలు పట్టింది, అందులో తొమ్మిది నెలలు నా మూర్ఖత్వానికే పోయాయి. 1,150 ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగులు), పన్నెండేళ్ల పాతది, మూడో ఫ్లోరు. 68 లక్షలు చెప్పాను. ఆ అంకె ఎలా వచ్చిందంటే, కొన్న రేటు, కట్టిన వడ్డీ, కబోర్డులకి పెట్టిన ఆరు లక్షలు, తమ్ముడు కొనుక్కుంటున్న ఇంటికి తక్కువ పడ్డ డబ్బు, అన్నీ కలిపి. కొనేవాళ్లకి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. కాకి పిల్ల కాకికి ముద్దు. మొదటి నెలలోనే 61 ఇస్తానని వచ్చినాయన్ని ‘మరీ అంత తక్కువా’ అని పంపించేసి, చివరికి 59కి ఇచ్చాను. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

ముందు ఇళ్లు అమ్మే వెబ్‌సైట్లలో రేట్లు చూసి మురిసిపోవడం మానేయండి. అవి అడుగుతున్న రేట్లు, అమ్ముడైనవి కాదు. ఏడాదిగా అలాగే పడి ఉన్న ఫ్లాట్లు కూడా అక్కడే ఉంటాయి. మీకు కావాల్సింది గత ఆరేడు నెలల్లో మీ బిల్డింగ్‌లోనో, అదే వీధిలోనో నిజంగా చేతులు మారిన రెండు మూడు ఫ్లాట్ల ధర. వాచ్‌మన్‌ని అడగండి, చాలాసార్లు బ్రోకర్ కంటే అతనికే ఎక్కువ తెలుస్తుంది. తర్వాత, తెలంగాణలో అయితే, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ అమ్ముడైన ఫ్లాట్ ఈసీ, అంటే దాని మీద జరిగిన అమ్మకాలు, తనఖాల వివరాలుండే పత్రం, తీయండి. అందులో మార్కెట్ వాల్యూ, కన్సిడరేషన్ వాల్యూ అని రెండు అంకెలుంటాయి. మొదటిది పేరుకే మార్కెట్, అది స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం కట్టిన విలువ, దాన్ని బట్టి రేటు పెట్టకండి. రెండోది దస్తావేజులో రాసుకున్న ధర. అదీ తగ్గించి రాసి ఉండొచ్చు, కానీ ఆ అమ్మకం వెంటనే కొన్నవాళ్ల పేరు మీద బ్యాంకు తనఖా ఎంట్రీ కనిపిస్తే లోను కోసం అసలు ధరకి దగ్గరగానే రాసుంటారని నేను అనుకుంటాను.

ఇప్పుడు లెక్క. మా పక్క బిల్డింగ్‌లో 1,200 ఎస్ఎఫ్‌టీ ఫ్లాట్ 62 లక్షలకి పోయింది, అంటే ఎస్ఎఫ్‌టీ దాదాపు 5,170. మా 1,150కి అదే రేటు కడితే 59 లక్షల నలభై వేల చిల్లర. వాళ్లది తూర్పు ఫేసింగ్, మాది దక్షిణం, అక్కడ కొంచెం తగ్గాలి. వాళ్లకి కారు పార్కింగ్ లేదు, మాకుంది, ఇక్కడ కొంచెం పెరగాలి. అంటే అటూ ఇటూగా 59 నుంచి 60. పదకొండు నెలల తర్వాత తేలిన అంకె మొదటి రోజే కాగితం మీద ఉండేది, వేసుకోలేదంతే! ఒక జాగ్రత్త, రెండు ఫ్లాట్ల ఎస్ఎఫ్‌టీ ఒకే పద్ధతిలో కొలిచారా, ఒకటి కామన్ ఏరియా కలిపి, ఇంకోటి కలపకుండా చెప్పారా అన్నది కనుక్కోండి. యూడీఎస్, అంటే బిల్డింగ్ స్థలంలో ఫ్లాట్‌కి వచ్చే వాటా, ఎన్ని గజాలో కూడా పోల్చండి. బిల్డింగ్ పాతబడే కొద్దీ గోడల విలువ తగ్గుతుంది, నిలబెట్టేది ఆ గజాలే.

కబోర్డులూ, ఫాల్స్ సీలింగూ? ఫ్లాట్ తొందరగా అమ్ముడవడానికి పనికొస్తాయి గానీ పెట్టిన డబ్బు తిరిగి రాదు.

కొనేవాళ్ల జేబు కూడా ఒకసారి చూడండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోను అయితే బ్యాంకు ఇచ్చేది ఇంటి విలువలో గరిష్ఠంగా 80 శాతమే, ఆ విలువ కట్టేది మీరు కాదు, బ్యాంకు పంపే వాల్యుయర్. అతను 58 అని రాస్తే మీరు చెప్పే మిగతా లక్షలన్నీ కొనేవాళ్లు చేతి నుంచి పెట్టుకోవాలి. దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు, హైదరాబాద్‌లో ఏడున్నర శాతం లెక్కన 60 లక్షలకి నాలుగున్నర లక్షలు. అందుకే వాళ్లు బేరం ఆడతారు, పిసినారితనం కాదు.

బేరానికి మూడు నాలుగు శాతం చాలు. పది శాతం పెంచి చెప్తే చూడ్డానికే రారు. ఇంకోటి, సైట్లలో జనం ‘60 లక్షల లోపు’ అని పెట్టి వెతుకుతారు. మీరు 61 అని పెడితే వాళ్లకి మీ ఫ్లాట్ కనిపించనే కనిపించదు. నేనైతే 60 అని పెట్టి, బేరంలో గట్టిగా కూర్చుంటాను.

మూడు నాలుగు వారాల్లో పది మంది చూసి వెళ్లి ఒక్కరూ రేటు మాట్లాడకపోతే అది రేటు సమస్యే. అప్పుడు నెలకో యాభై వేలు తగ్గించుకుంటూ పోకండి, బ్రోకర్లు పసిగట్టేస్తారు, ఒకేసారి రెండు లక్షలు తగ్గించండి. ఆషాఢంలోనో మూఢంలోనో ఫోన్లు ఆగిపోతే మాత్రం టెన్షన్ పడకండి, ఆ రోజుల్లో చాలామంది టోకెన్ అడ్వాన్సు ఇవ్వరు.

చేతికొచ్చేది వేరే లెక్క. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొన్నవాళ్లు ఒక శాతం టీడీఎస్ (మీ పేరు మీద ముందే కట్టే పన్ను) పట్టుకుంటారు, బ్రోకర్ కమీషన్ ఉంటుంది, లాభం మీద పన్ను ఉంటుంది. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లయితే 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ద్రవ్యోల్బణం లెక్కన పెంచి) 20 శాతమా, ఏది తక్కువో ఆడిటర్‌తో లెక్క వేయించుకోండి.

ఫోన్‌లో ‘లాస్ట్ ఎంత?’ అని అడిగేవాళ్లు రోజుకి నలుగురుంటారు. చెప్పకండి. ‘ముందు ఇల్లు చూడండి, నచ్చితే సిట్టింగ్‌లో మాట్లాడుకుందాం’ అనండి. కుదిరాక టోకెన్ బ్యాంకు ద్వారానే తీసుకోండి, ఎందుకంటే ఇంటి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడం చట్టప్రకారం కుదరదు.