నలభై దాటిన సాఫ్ట్‌వేరోళ్ళు చలికాలంలో కాలవ ఈత మళ్ళీ ఎలా మొదలెట్టాలి?

ముందే చెప్పేస్తున్నా, ఐసుగడ్డల టబ్బులో కూర్చునే వీడియోలు చూసి ఇక్కడికొచ్చినవాళ్ళకి ఇది చప్పగా అనిపిస్తుంది. చలిదేశాల్లో చన్నీళ్ళ ఈత అంటే మామూలుగా 15 డిగ్రీల లోపు నీళ్ళు. మన కోనసీమలో ధనుర్మాసం తెల్లారగట్ల నేను కాలవలో థర్మామీటరు ముంచి చూస్తే 23 చూపించింది, అంతే. అలాగని తీసిపారేయకండి, 25 కంటే తగ్గిన నీళ్ళలోనే కొంతమందికి మొదటి మునకకి ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె దడదడమంటుంది. 10, 15 డిగ్రీల దగ్గర అది బాగా ఎక్కువ, మనకి తక్కువ, తేడా అదే.

నా సంగతి చెప్తాను. నాకు 46. చాలా ఏళ్ళు హైదరాబాద్‌లో చేసి, లాక్‌డౌన్‌కి ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాను, రాత్రి పదకొండింటిదాకా అమెరికా కాల్సు, పగలంతా కుర్చీ, పొట్ట, ఆ పైన బీపీ బిళ్ళ. చిన్నప్పుడు లాకుల వంతెన మీంచి దూకిన బ్యాచ్ మాది. ఆ ధీమాతోనే మొదటి రోజు రేవు మెట్ల మీంచి తలకిందులుగా దూకాను. నీళ్ళలోపలే నోరు తెరుచుకుంది, గుటకెడు కాలవ నీళ్ళు లోపలికి పోయాయి, పైకొచ్చి దగ్గుతూ మెట్టు కోసం తడుముకుంటుంటే మా బావ జబ్బ పట్టుకుని లాగి "ఈత గుర్తుంది గానీ వయసు గుర్తులేదేంట్రా నీకు" అన్నాడు. నేను చెప్పబోయేదంతా ఆ రోజు తర్వాత నేర్చుకున్నదే.

దిగేముందు

బీపీ, సుగరు చూపించుకుని ఒక ఈసీజీ తీయించుకోండి. చన్నీళ్ళు తగలగానే చర్మంలో రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఒక్కసారి పైకెళ్తుంది, గుండెలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి అక్కడే ప్రమాదం. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఖాళీ కడుపుతో ఈదకూడదు, సుగరు పడిపోయి కళ్ళు తిరిగేది నీళ్ళ మధ్యలో అయితే కష్టం. నేనైతే ఇంటి దగ్గర సగం అరటిపండు తినే బయల్దేరతాను, అరటిపళ్ళకి మనకేం లోటు. రాత్రి మందు తాగితే పొద్దున ఈత లేదు, దీంట్లో బేరాల్లేవు.

ఇంకోటి, మనవాళ్ళకి వాచీ పిచ్చి. మణికట్టు మీద గుండె వేగం చూపించే వాచీలు నీళ్ళలో సరిగ్గా చదవవు, పైగా బీపీకి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవాళ్ళకి ఎంత కష్టపడ్డా అంకె తక్కువే ఉంటుంది. గుండె గరిష్ఠ వేగం కోసం 220 లోంచి వయసు తీసేసే లెక్కలు పక్కనపెట్టి, ఆగినప్పుడు పక్కవాడితో రెండు ముక్కలు మాట్లాడగలుగుతున్నారా లేదా చూసుకోండి. మాట్లాడలేకపోతే తగ్గించాలి.

ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు

దీనికే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ప్రాణాలు పోయేది చలికి కాదు, చోటు తెలియక.

లాకులు, తూములు, వంతెన స్తంభాల దగ్గర వద్దు. పైన నీళ్ళు నిలకడగా కనిపిస్తాయి, అడుగున లాగేస్తుంటాయి. గోదావరి పాయలు గౌతమిలో గానీ వశిష్టలో గానీ ఇసుక తవ్విన చోట్లు ఇంకా దారుణం, మోకాలిలోతు అనుకుని అడుగేస్తే తర్వాతి అడుక్కి నిలువులోతు గొయ్యి. ఇసుక మేట కనిపించింది కదా అని నడుచుకుంటూ పోకండి. నరసాపురం వైపు, యానాం వైపు ఉన్నవాళ్ళు పోటు పాటు చూసుకోవాలి, సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఏరు వెనక్కి కూడా నడుస్తుంది, పొద్దున ఎటు లాగిందో మధ్యాహ్నం అటే లాగుతుందని లేదు. అక్కడ వల వేసేవాళ్ళని అడగండి, వాళ్ళకంటే ఎవరికీ తెలీదు. పంటు, అంటే జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ, తిరిగే రేవుల్లో అసలొద్దు.

డ్రెయిన్‌కీ కాలవకీ తేడా తెలుసు కదా, డ్రెయిన్‌లోకి చేలల్లో మురుగు, రొయ్యల చెరువుల నీళ్ళు, ఊళ్ళో మురుగు అన్నీ దిగుతాయి. అందులో కాలు కూడా పెట్టొద్దు. చేపల చెరువుల్లో కరెంటుతో తిరిగే ఏరేటర్లు ఉంటాయి, అటు వెళ్ళకండి. ఊరి మంచినీళ్ళ చెరువులో దిగితే పెద్దవాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఒంటిమీద పుండు గానీ కోత గానీ ఉంటే ఆ వారం మానేయండి, ఎలక ఉచ్చ కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఈదిన కొన్నాళ్ళకి జ్వరం, పిక్కల్లో నొప్పులు వస్తే డాక్టరుకి "కాలవలో ఈదానండి" అని మీరే చెప్పాలి, ఆయనకెలా తెలుస్తుంది.

మరి ఎక్కడ? మెట్లున్న రేవు, రోజూ జనం స్నానాలు చేసేది, గుర్రపుడెక్కా తూటికాడా లేనిది, నీటి వేగం నడక కంటే బాగా నెమ్మదిగా ఉన్నది. ఒక ఆకు వదిలి దానితోపాటు గట్టు మీద నడిచి చూడండి, ఆకుతో సమానంగా ఉండడానికి మామూలుగా నడవాల్సి వస్తే ఆ రోజుకి ఇంటికి.

దిగడం

దూకొద్దు. చెప్పాను కదా.

తోడు లేకుండా దిగొద్దు, తోడున్నవాడు కూడా నీళ్ళలో ఉంటే సరిపోదు, ఒకడు గట్టు మీద తాడు పట్టుకుని ఉండాలి. ఖాళీ ఐదు లీటర్ల నూనె డబ్బా మూత గట్టిగా బిగించి, పొట్టి తాడుతో నడుముకి కట్టుకోండి, అలిసిపోతే పట్టుకోడానికి, దూరం నుంచి కనబడడానికి. చిన్నప్పుడు మనకి మునగబెండ్లు, అరటి బోదెలు కట్టి నేర్పలేదూ, అదే లెక్క, సిగ్గేం లేదు. పొగమంచులో అవతలి గట్టు కనబడకపోతే ఆగండి, మంచు విడిచాకే.

ముందు కాళ్ళు, తర్వాత ముఖం మీద, మెడ వెనకాల నీళ్ళు చల్లుకుని, మెట్టు మెట్టు దిగి పీకలోతులో నిలబడండి. ఊపిరి ఎగబీలుస్తుంది కదా, దాంతో పోట్లాడకుండా నోటితో నెమ్మదిగా వదులుతూ ఉండండి, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. అది సర్దుకునేదాకా ఒక్క బార కూడా వేయొద్దు.

వారాల లెక్క

మొదటి రెండు వారాలు ఐదేసి నిమిషాలు, పీకలోతు దాటకుండా, గట్టు వెంబడే. కప్ప ఈత మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకి పడకపోవచ్చు, అలాంటప్పుడు వెల్లకిల ఈత. రోజంతా లాప్‌టాప్ మీదకి వంగిన భుజాలకి వెల్లకిల ఈతే హాయి, కాకపోతే ఎటు పోతున్నారో గట్టు మీదవాడు అరిచి చెప్పాలి. ఆ తర్వాత వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ ఇరవై నిమిషాలకి తీసుకురండి, వారానికి మూడు రోజులు.

ఎప్పుడూ ముందు ఎదురీదండి. బలం ఉన్నప్పుడు పైకి, అలిసిపోయాక వాలుకి. దీన్ని తలకిందులు చేసినవాళ్ళు తడిబట్టల్తో గట్టు వెంబడి నడిచి రావడం నేను చూశాను, వాళ్ళు అదృష్టవంతులు. ప్రవాహం లాగేస్తే ఎదురు తిరక్కండి, వాలుకే పోతూ ఏటవాలుగా గట్టు వైపు రండి. పిక్క పట్టేస్తే వెల్లకిలా తిరిగి డబ్బా పట్టుకుని కాలివేళ్ళు మీ వైపు లాక్కోండి.

చేతివేళ్ళు కొంకర్లు పోయినా, వణుకు మొదలైనా బయటికే, "ఇంకో రౌండు" వద్దు. నీళ్ళు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడి లాగేస్తాయి, 23 డిగ్రీలైనా అరగంట దాటితే తెలుస్తుంది. గట్టెక్కాక కూడా కాసేపు ఒళ్ళు ఇంకా చల్లబడుతూనే ఉంటుంది, అందుకే ముందు తుడుచుకుని పొడిబట్టలు, మంకీ క్యాపు, తర్వాత అల్లం టీ. తడి లాగుతో బండెక్కి గాలికి ఇంటికెళ్ళడం అన్నిటికంటే తెలివితక్కువ పని, అది కూడా చేశాను.

మిగతా రోజులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి వ్యాయామం చేయమంటుంది, రెండు రోజులు కండరాలకి పని పెట్టమంటుంది. మూడు ఈతలు కలిపి గంటే, మిగతా గంటన్నర చేల గట్ల మీద నడక. కండరాల సంగతి మర్చిపోకండి, నీళ్ళు మన బరువు మోసేస్తాయి కాబట్టి ఎముకలకి ఈత పెద్దగా పని చెప్పదు. గుంజీలు, బస్కీలు, నీళ్ళ బిందెలు మోయడం, ఏదైనా సరే. బిందెలు మోస్తే ఇంట్లో కూడా కాస్త గౌరవం పెరుగుతుంది.

ఏప్రిల్ ప్రాంతంలో కాలవలు కట్టేస్తారు, అప్పుడు మడుగుల్లో మిగిలిన నీళ్ళలో దిగొద్దు. జూన్‌లో మళ్ళీ వదిలిన కొత్తనీళ్ళలో, ఆ తర్వాత వరద దిగేదాకా వచ్చే ఎర్రనీళ్ళలో కూడా వద్దు. ఈ ఆర్నెల్లూ నేను టౌన్లో పూల్‌కి పోతాను, మా బావ మాత్రం "క్లోరిన్ వాసనరా బాబూ" అని రాడు. కార్తీకం మొదటి రోజు తెల్లారగట్ల నాలుగింటికి తనే ఫోన్ చేసి లేపుతాడు.