థీమ్ పార్క్‌లో ఫోటో ప్యాకేజీ కొనాలా వద్దా? వైజాగ్ నుంచి బయల్దేరే కుటుంబాలకు

సెలవుల్లో వైజాగ్ నుంచి పిల్లలతో థీమ్ పార్క్‌కి వెళ్లాలంటే హైదరాబాద్‌లో రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా ముందు గుర్తొస్తాయి. 2024లో భువనేశ్వర్‌లోనూ వండర్‌లా తెరిచాక అటు వెళ్లేవాళ్లూ పెరిగారు. ఇంకాస్త ఖర్చు పెట్టుకోగలిగితే సింగపూర్‌లోని యూనివర్సల్ స్టూడియోస్. ఎక్కడికెళ్లినా ఒకటి మాత్రం మారదు. గేటు దాటగానే కెమెరా పట్టుకున్నవాళ్లు నిలబెట్టి ఫోటో తీసి, చేతిలో నంబరున్న చీటీయో క్యూఆర్ కార్డో పెడతారు. వాటిని విడివిడిగా కొనొచ్చు, లేదా ఆ రోజు తీసినవన్నీ కలిపి ఒకే ధరకి ఇచ్చే ఫోటో ప్యాకేజీ తీసుకోవచ్చు. అసలు లెక్క సాయంత్రం కౌంటర్ దగ్గర మొదలవుతుంది. అప్పటికి పిల్లలు నిద్రకు తూగుతుంటారు, పెద్దవాళ్ల కాళ్లు లాగుతుంటాయి. ఆ సమయంలో తీసుకున్న నిర్ణయం ఎప్పుడూ సరిగ్గా ఉండదు. అందుకే ఇంట్లో ఉండగానే లెక్క తేల్చుకోవాలి.

లెక్క ఒక్కటే. మీ ఫోన్‌తో మీరు తీయలేని ఫోటోలు ఎన్నొస్తాయి? ప్యాకేజీ ధరను ఆ అంకెతో భాగించండి. "అన్‌లిమిటెడ్" అని బోర్డు మీద ఎంత పెద్దగా రాసినా, మీరు తీసుకోగలిగిన ఫోటోకి మళ్లీ డబ్బు కట్టడం దండగ.

మీరు తీయలేనివి రెండు రకాలే. ఒకటి, రైడ్ మీద ఉండగా పడే ఫోటో. రెండోది, ఇంటిల్లిపాదీ ఒకే ఫ్రేములో ఉన్న ఫోటో. ఎందుకంటే ఎప్పుడూ ఎవరో ఒకరు కెమెరా వెనకే ఉండిపోతారు. చాలా ఇళ్లలో ఆ ఒకరు నాన్నే అవుతారు. కోట బొమ్మ ముందు, ఫౌంటెన్ పక్కన, పార్క్ పేరున్న బోర్డు దగ్గర తీసేవి మూడో రకం. వాటిని ఫోన్ బాగానే తీస్తుంది, కాబట్టి లెక్కలో వేయొద్దు.

రైడ్ ఫోటో ఎలా పడుతుందంటే

కెమెరా ఒకే చోట బిగించి ఉంటుంది. ఎక్కువగా పెద్ద దిగుడు మొదలయ్యే చోటో, పడవ నీళ్లలో పడే చోటో పెడతారు. బండి సెన్సర్ ముందు నుంచి వెళ్లగానే ఫ్లాష్ వెలుగుతుంది, ఫోటో పడుతుంది. మీరు దిగి బయటికి నడిచేలోపు కౌంటర్ పైనున్న టీవీల్లో కనిపిస్తుంది. దిగాక ఆ తెర మీద ఫోటో పక్కనున్న నంబరును వెంటనే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. తెర మీద ఫోటోలు నిలవవు. వెనక వచ్చే బండ్లవి వరసగా వచ్చిపడుతుంటే మీది కిందికి జారిపోతుంది. నంబరో, దిగిన టైమో చెప్పగలిగితేనే తర్వాత వెతికిపెడతారు.

ముందు వరసలో కూర్చున్నవాళ్ల ముఖాలే శుభ్రంగా వస్తాయి. మూడో వరస నుంచి ముందువాళ్ల తలలు, పైకెత్తిన చేతులు అడ్డొస్తాయి. ఫోటో కోసమే ఎక్కుతుంటే ముందు వరస ఖాళీ అయ్యేదాకా ఒక ట్రిప్పు ఆగండి. జుట్టు గట్టిగా ముడేసుకోవాలి, కళ్లజోడు, చున్నీ తీసి లాకర్‌లో పెట్టాలి. నీళ్ల రైడ్లలో లెన్స్ మీద చుక్కలు పడి ముఖాలు మసకబారుతుంటాయి. అలాంటి ఫోటో కొనాల్సిన పని లేదు. కొనేముందు పెద్దది చేసి చూపించమనండి. తెర మీద అరచేయంత ఫోటోలో అన్నీ బాగానే కనిపిస్తాయి.

అసలు రైడ్ ఎక్కేది ఎవరు?

చాలా కుటుంబాల్లో లెక్క తప్పేది ఇక్కడే. ఆరుగురికి ప్యాకేజీ కొంటారు, రైడ్ ఫోటోలో ఇద్దరే ఉంటారు. నానమ్మ ఎక్కరు, చిన్నదాని ఎత్తు చాలదు, దానికి తోడుగా అమ్మ కింద ఉండిపోతుంది. పార్క్ సైట్లో ప్రతి రైడ్‌కీ కనీస ఎత్తు రాసి ఉంటుంది. బయల్దేరేముందే పిల్లల్ని గోడకు నిలబెట్టి, చెప్పులు లేకుండా కొలవండి. సింగపూర్ యూనివర్సల్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్‌కి 102 సెంటీమీటర్లు, మమ్మీ రైడ్‌కి 122, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాకి 125 సెంటీమీటర్లు ఉండాలి. అంటే 115 సెంటీమీటర్ల పిల్లవాడికి ఆ పెద్ద రోలర్ కోస్టర్లు రెండూ లేనట్టే. ఆ మేరకు ప్యాకేజీ విలువ కూడా తగ్గుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్యాకేజీ రూ.2,500, విడిగా ఒక్కో ఫోటో రూ.300 అనుకోండి. రైడ్ ఫోటోలు మూడు, అందరూ ఉన్న గ్రూప్ ఫోటోలు రెండు మీకు నిజంగా కావాలి. విడిగా కొంటే రూ.1,500. ప్యాకేజీలో నలభై ఫోటోలు వచ్చినా, వాటిలో ఒకే పోజు అయిదారుసార్లు ఉంటుంది, కళ్లు మూసుకున్నవి ఉంటాయి. కావాల్సిన ఫోటోలు తొమ్మిదికి చేరితేనే ఈ ధరకి ప్యాకేజీ గిట్టుబాటు. మీరు వెళ్లే చోట ధరలు వేరుగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే.

మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఒక్కరోజు చూసి వచ్చే మన పార్కుల్లో ప్యాకేజీ వద్దు. ఒకట్రెండు రైడ్ ఫోటోలు విడిగా కొనుక్కుంటే చాలు. ముఖ్యంగా వాటర్ పార్కే ప్రధానంగా వెళ్తుంటే అసలు వద్దు. రోజులో సగం తడి నైలాన్ బట్టల్లో గడుస్తుంది, ఆ ఫోటోలు ఫ్రేమ్ కట్టించుకునేవి కావు.

రెండు మూడు రోజులు ఒకే పార్క్‌లో గడిపే విదేశీ ప్రయాణమైతే, అందులోనూ తాతయ్య, అమ్మమ్మలతో కలిసి వెళ్తుంటే, ప్యాకేజీ కొనాల్సిందే. అలాంటి ప్రయాణం మళ్లీ ఎప్పుడు కుదురుతుందో ఎవరికి తెలుసు! పెద్దవాళ్లతో కలిసి దిగిన మంచి గ్రూప్ ఫోటో నాలుగు దొరికినా ఆ డబ్బు వచ్చినట్టే. అలాంటప్పుడు ముందుగానే కొనండి. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో మెమరీ మేకర్ ప్యాకేజీని మొదటి ఫోటోకి కనీసం మూడు రోజుల ముందు కొంటే ధర తగ్గుతుంది. పార్క్‌లోకి అడుగుపెట్టాక కొంటే ఆ తగ్గింపు లేదు. కొన్నాక మూడు రోజులు దాటకముందే తీసిన ఫోటోలు ముందస్తు ప్యాకేజీలోకి రావు కాబట్టి ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు.

విదేశాల్లో కార్డుతో కడితే ఇంకో ఖర్చుంది. చాలా బ్యాంకుల కార్డులపై 3.5 శాతం వరకు ఫారెక్స్ మార్కప్ (కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. పది వేల ప్యాకేజీకి అదనంగా రూ.413. కౌంటర్‌లో మెషీన్ "రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా" అని అడిగితే స్థానిక కరెన్సీనే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్ల మారకం రేటు ఇంకా ఎక్కువ పడుతుంది.

కొనేముందు కౌంటర్‌లో అడగాల్సినవి

పొద్దున్నే, క్యూ లేనప్పుడు అడగండి. సాఫ్ట్ కాపీ ఇస్తారా, ప్రింట్ మాత్రమేనా? చాలామంది ప్రింట్ చేతికొచ్చాక ఈ ప్రశ్న అడుగుతారు, అప్పటికి సాఫ్ట్ కాపీకి వేరే రేటు. ప్యాకేజీ మనిషికా, కుటుంబానికా? ఏయే రైడ్లు కలుస్తాయి? షో తారలతో, బొమ్మ వేషాలవాళ్లతో దిగేవి ఇందులోకి వస్తాయా? ఫోటోలు ఎన్ని గంటలవరకు ఉంచుతారు, లింక్ ఎన్ని రోజులు పనిచేస్తుంది? ఈ చివరిది మర్చిపోవద్దు. డిస్నీలో ఫోటో తీసిన రోజు నుంచి 45 రోజులకు గడువు ముగుస్తుంది. ఇంటికొచ్చి పండగ హడావిడిలో పడితే 45 రోజులు ఇట్టే గడిచిపోతాయి.

క్యూఆర్ కార్డు చేతికి రాగానే రెండు వైపులా ఫోన్‌తో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. తడి బట్టలతో పాటు కార్డు ముద్దైపోవడం, లాకర్‌లో మర్చిపోవడం ఎప్పుడూ జరిగేదే. నంబరు ఉంటే ఫోటోలు దొరుకుతాయి. కుటుంబమంతా ఒక్క కార్డే వాడాలి. మొదటి ఫోటోగ్రాఫర్ ఒక కార్డు, రెండో ఆయన ఇంకో కార్డు ఇస్తే ఫోటోలు చెరోచోట పడతాయి, ప్యాకేజీ ఒకదానికే వర్తిస్తుంది. ఆ కార్డు ఫోటోను స్టేటస్‌లో మాత్రం పెట్టకండి, కోడ్ ఉన్నవాళ్లెవరైనా మీ పిల్లల ఫోటోలు చూడగలిగే చోట్లున్నాయి.

ఆకుపచ్చ తెర ముందు తీసే ఫోటోలతో ఇంకో ఇబ్బంది. వెనకున్న పచ్చరంగును కంప్యూటర్ తీసేసి అక్కడ కోటో, డైనోసారో పెడుతుంది. అమ్మాయి చిలకాకుపచ్చ పట్టు పరికిణీ కట్టుకొని నిలబడితే పరికిణీ కూడా మాయమై, నడుము కింద కోట గోడ కనిపిస్తుంది. ఆ రోజుకి ఎరుపో, పసుపో వేయండి. పచ్చ గాజులు, పచ్చ రిబ్బన్ల దగ్గరా చిల్లులు పడతాయి.

కౌంటర్‌కి పార్క్ మూసే వేళకు వెళ్లొద్దు. ఆఖరి అరగంటలో అందరూ అక్కడే ఉంటారు, ఏరుకునే తీరిక ఉండదు. ఓ గంట ముందే వెళ్లి, ఫోటోలు ఒక్కొక్కటీ చూసి, తప్పిపోయినవాటికి చోటు, టైము చెప్పి వెతికించుకోండి.

వైజాగ్‌లోనే తీయించుకుంటే

ఇంటిల్లిపాదీ ఉన్న ఒక మంచి ఫోటో కావాలన్నదే అసలు కోరికైతే, పార్క్ దాకా వెళ్లక్కర్లేదు. ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి పరిసరాల్లో, కైలాసగిరి మీద ఫోటోగ్రాఫర్లు ఉంటారు. ముందుగా మూడు విషయాలు తేల్చుకోవాలి: ఫోటోకి ఎంత, మొత్తం ఎన్ని తీస్తారు, సాఫ్ట్ కాపీ ఇందులోనే కలిపా. "మీరు నిలబడండి సార్, చూద్దాం" అంటే నిలబడొద్దు. ముప్పై తీసి ముప్పైకీ లెక్క కడతారు. "అయిదు తీయండి, మాకు నచ్చినవి మూడు తీసుకుంటాం" అని మాట అనుకుంటే ఎవరికీ గొడవ ఉండదు. డబ్బిచ్చే ముందే కేబుల్‌తోనో కార్డ్ రీడర్‌తోనో మీ ఫోన్‌లోకి ఎక్కించమనండి.

వెలుతురు గురించి ఒక మాట. మన సముద్రం తూర్పు వైపు. సముద్రాన్ని వెనక పెట్టుకొని పొద్దున నిలబడితే సూర్యుడు వీపున ఉంటాడు, ముఖాలు నల్లగా వస్తాయి. ఆర్‌కే బీచ్‌లో సాయంత్రం నాలుగున్నర నుంచి సూర్యుడు మేడల వెనక దిగేలోపు తీయించుకోండి. కైలాసగిరి పైనుంచి నగరం, బీచ్ వంపు కనిపించేలా అయితే లెక్క తిరగబడుతుంది. ఆ దృశ్యం నైరుతి వైపు ఉంటుంది కాబట్టి పొద్దున బాగుంటుంది. అక్కడి శివపార్వతుల విగ్రహం నలభై అడుగుల తెల్లటిది. దాని ముందు నిలబెట్టి తీస్తే ఫోన్ ఆ తెలుపుకి భయపడి మొత్తం ఫోటోను చీకటి చేస్తుంది. తెర మీద ముఖం దగ్గర వేలితో నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరపండి. ముఖాలు తేటపడతాయి.

ప్రింట్ల దగ్గర జాగ్రత్త

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. 4×6 అంగుళాల ప్రింట్‌కి సరిపోతుంది, 8×12కి మసకబారుతుంది. మంచి 6×8 ప్రింట్‌కి 1800×2400 పిక్సెళ్లు కావాలి. గోడకు పెట్టే 12×18కి కనీసం 2400×3600 ఉండాలి. అందుకే బీచ్ ఫోటోగ్రాఫర్ అయినా, పార్క్‌వాళ్లయినా వాట్సాప్‌లో పంపుతానంటే "డాక్యుమెంట్‌గా పంపండి" అనండి, సైజు తగ్గదు. పార్క్ లింక్ నుంచైతే ఒక్కొక్కటి స్క్రీన్‌షాట్ తీయకండి, డౌన్‌లోడ్ నొక్కి అసలు ఫైలే దించుకోండి. దించినవి ఫోన్‌లో ఒకచోట, పెన్‌డ్రైవ్‌లోనో కంప్యూటర్‌లోనో ఇంకోచోట ఉండాలి. అది అయ్యాకే లింక్ సంగతి మర్చిపోవచ్చు.

పార్క్ కౌంటర్‌లో అట్ట ఫోల్డర్‌తో ఇచ్చే ప్రింట్‌కి పెట్టే డబ్బులో చాలా భాగం ఆ ఫోల్డర్‌కీ, చోటుకీ పోతుంది. సాఫ్ట్ కాపీ తెచ్చుకొని ఇక్కడి కలర్ ల్యాబ్‌లో వేయిస్తే తక్కువలో, పెద్ద సైజులో వస్తుంది. మన సముద్రపు తేమకి గ్లాసీ ప్రింట్ ఫ్రేము అద్దానికి అంటుకుపోతుంది, తర్వాత ఊడదీస్తే రంగు అద్దం మీదే ఉండిపోతుంది. మ్యాట్ పేపర్ మీద వేయించి, ఫ్రేమ్ కట్టేటప్పుడు ఫోటోకీ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు (ఫోటో కనిపించేలా మధ్యలో కోసిన మందపాటి అట్ట) పెట్టమని చెప్పండి. జిగురు పేజీల ఆల్బమ్‌ కన్నా కవర్లలో దూర్చే ఆల్బమ్ మేలు. అది బీరువాలో పై అరలో, గోడకు ఆనకుండా ఉంచాలి. వానాకాలం పోయాక ఒకసారి తీసి ఫ్యాన్ కింద ఆరనివ్వండి, ఎండలో మాత్రం పెట్టొద్దు.