కథ అచ్చు కావడం లేదా? ముందు ఫ్యూజు చూడండి, తర్వాతే మోటారు లాగండి

బోరులో నీళ్లు ఆగిపోతే ధర్మవరం రైతైనా జమ్మలమడుగు రైతైనా ముందు కరెంటు ఉందో లేదో చూస్తాడు. తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత స్టార్టరు. అవన్నీ బాగున్నాయని తేలాకే పైపులు విప్పి మోటారు పైకి లాగిస్తాడు, అది ఖర్చుతో కూడిన పని గనక. కొత్తగా రాసేవాళ్లు దీనికి తలకిందులుగా చేస్తారు. రెండు కథలు తిరిగొస్తే చాలు, నాకు రాయడం రాదనో, పరిచయాలున్నోళ్లవే వేస్తారనో తీర్మానించుకుంటారు. చాలాసార్లు ఆ కథ చదివేవారి దాకా పోయే ఉండదు. అందుకని సమస్యలను తేలికవాటితో మొదలుపెట్టి, లోతుకు పోయే వరసలో ఇస్తున్నాం.

పంపి మూడు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు

మొదట ఫైలును అనుమానించండి. ఊళ్లోని డీటీపీ సెంటరులో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో టైపు చేయించి ఉంటే అది యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా, ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరం ఆకారాన్ని ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానంలో కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే మీ కథంతా గజిబిజి గుర్తులే. పరీక్ష చాలా సులువు: ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో మీకే పంపుకోండి. తెలుగులో కనిపిస్తే ఇబ్బంది లేదు. లేకపోతే కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్పించి, ప్రతి వాక్యాన్నీ మళ్లీ చదవండి. మార్పిడిలో ముందు చెదిరేవి ఒత్తులే.

ఫోనులో మాట్లాడి టైపు చేసినవారికి ఇంకో బెడద. ణ-న, ళ-ల, శ-ష-స తారుమారవుతాయి, కామాలు ఉండవు. 'డాక్టర్' పక్కన 'కి' పెడితే 'డాక్టర్కి' అని అతుక్కుపోతుంది. మధ్యలో పొల్లు నిలిపే కీ కోసం వెతకడం కన్నా 'డాక్టరుకు' అని రాయడం మేలు. తెలుగు నోటికి అదే సహజం. వర్డ్ ఫైలు, దాని పీడీఎఫ్ రెండూ జతచేయండి. ఫైలుకు కథ పేరు, మీ పేరు పెట్టండి. రాతప్రతిని ఫొటోలు తీసి పంపితే దాన్ని టైపు చేసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

రెండోది నిడివి. పత్రికలో కథకిచ్చే చోటు ముందే ఖరారై ఉంటుంది. అచ్చయిన ఒక కథను తీసుకుని వరుసకు ఎన్ని పదాలో, కాలమ్‌కు ఎన్ని వరుసలో, మొత్తం ఎన్ని కాలమ్‌లో లెక్కపెట్టి గుణించండి. అది 1,500 అని తేలితే మీ 4,000 పదాల కథను వాళ్లు కత్తిరించి వేయరు, పక్కన పెడతారు.

మూడోది, ఫేస్‌బుక్‌లోనో ఏదైనా యాప్‌లోనో ముందే పెట్టేయడం. చాలా పత్రికలు దాన్ని ప్రచురణ కిందే లెక్కగడతాయి. నాలుగోది కాలం. ఉగాది కథ ఉగాదికి పది రోజుల ముందు పంపితే ఆ సంచిక అప్పటికే నిండిపోయి ఉంటుంది. కనీసం రెండు నెలల ముందు పంపండి.

కథతో పాటు హామీ మూడు వాక్యాల్లో చాలు: "ఈ కథ నా సొంత రచన, అనువాదమో అనుకరణో కాదు. ఇంతవరకు ఎక్కడా ప్రచురితం కాలేదు. వేరే పత్రిక పరిశీలనలో లేదు." పత్రిక తన గడువు చెప్పి ఉంటే అంతవరకు, చెప్పకపోతే మూడు నెలలు ఆగండి. ఒక వాక్యంలో గుర్తు చేయండి. మరో పదిహేను రోజులకూ జవాబు రాకపోతే, కథను వెనక్కి తీసుకుంటున్నానని రాసి, ఆ తర్వాతే ఇంకోచోటికి పంపండి. ఒకేసారి రెండు పత్రికలకు పంపి, రెండూ వేసుకుంటే రెండుచోట్లా తలుపు మూసుకుపోతుంది.

'మా పత్రిక తీరుకు సరిపోదు' అన్నారు

ఆ పత్రిక చదవకుండా పంపారన్నమాట. చివరి ఆరు సంచికలు చదవండి. 1990 నుంచి కథాసాహితి సంస్థ ఎంపిక చేసిన కథలతో తెస్తున్న వార్షిక సంకలనాల్లో ఏ కథ మొదట ఎక్కడ అచ్చయిందో ఉంటుంది. ఎలాంటి కథను ఎవరు ఆదరిస్తారో దాన్నిబట్టి తెలుస్తుంది. తెలుగు కథలను భద్రపరిచే గ్రంథాలయం, శ్రీకాకుళం కథానిలయం వెబ్‌సైటులో పాత కథలు వెతుక్కోవచ్చు.

కరువు మీద కథ మొదలుపెట్టాను, నాలుగు పేజీల తర్వాత నడవడం లేదు

ఇక్కడ మోటారు పైకి లాగాల్సిందే.

కరువు అనేది విషయం, కథ కాదు. విషయానికి ముగింపు ఉండదు కాబట్టి కలం ఎటు పోవాలో తెలియక వర్ణనల్లో తిరుగుతుంది. ఎండిన చెరువు, బీటలువారిన నేల, ఆకాశం వైపు చూసే ముసలాయన. సీమ కథల పాఠకుడు ఇవన్నీ ఎన్నోసార్లు చూశాడు. ఫ్యాక్షన్ మీద రాసేవారిదీ ఇదే చిక్కు.

ఒక మనిషిని, ఒక పనిని, ఒక గడువును పట్టుకోండి. కళ్యాణదుర్గం దగ్గర ఒక రైతు ఐదో బోరు వేయిస్తున్నాడు. బోరు బండి రాత్రికే వస్తుంది. అడ్వాన్సు కోసం భార్య కమ్మలు తాకట్టు పెట్టాలి. ఆమె అప్పటికే వాటిని కూతురి కాలేజీ ఫీజుకు కుదువ పెట్టేసింది, ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. ఇది ఒక్క సాయంత్రం జరిగే కథ. ఇందులో కరువు అనే మాట ఒక్కసారి కూడా రాయకపోయినా ఇది కరువు కథే.

దీన్ని మొదటి బోరు నుంచి మొదలుపెడితే మళ్లీ నాలుగో పేజీలో ఆగుతుంది. బండి వస్తానన్న రోజు సాయంత్రం, అతను బీరువా తెరవబోయే చోట మొదలుపెట్టండి. పోయిన నాలుగు బోర్ల చరిత్రకు విడిగా పేజీలు అక్కర్లేదు. "నాలుగు బోర్లకు నాలుగు సొమ్ములు పాయ" అని ఆమె నోట ఒక్క మాట వస్తే సరిపోతుంది.

పూర్తయిన కథను పదిహేను రోజులు ముట్టుకోవద్దు. తర్వాత మొదటి పేజీ తీసేసి చదవండి. ఏ లోటూ తెలియకపోతే ఆ పేజీ అక్కర్లేనిదే. అలాగే చివరి పేరా. కథ అర్థమేమిటో మీరే విప్పి చెబుతుంటే ఆ పేరా కొట్టేయండి. కొత్తవారి కథల్లో ఎక్కువగా ఈ రెండు చోట్లే కొవ్వు పేరుకుంటుంది.

మా యాసలో రాశాను, అర్థం కాలేదన్నారు

యాస వల్ల కథ పోవడం అరుదు. నిలకడ లేక పోతుంది. ఒకే పాత్ర మొదటి పేజీలో 'వస్తాండా' అని, మూడో పేజీలో 'వస్తన్నా' అని, చివర్లో 'వస్తున్నాను' అంటే చదివేవారికి ముగ్గురు మనుషులు వినిపిస్తారు.

రాయడానికి ముందే ఒక కాగితం మీద పట్టిక వేసుకోండి. పాత్ర పేరు కింద అది పదేపదే వాడే పది రూపాలు: పోతాండాడు, చేసినాడు, యాడికి, ఏంది, ఎట్ల. ఎవరు ఎవర్ని 'అప్పా' అంటారు, ఎవర్ని 'న్నా' అంటారు. చదువుకున్న కొడుకు ఇంట్లో ఎలా మాట్లాడతాడు, ఆఫీసరు ముందు ఎలా మాట్లాడతాడు. కథ అయ్యాక ఈ పట్టిక పక్కన పెట్టుకుని సంభాషణలు మాత్రమే ఒకసారి దిద్దండి. కథనం యాసలో సాగాలా, వాడుక తెలుగులోనా అన్నది మొదటి వాక్యంలోనే తేలిపోవాలి.

సీమ అంతా ఒకే యాస కాదు. మడకశిర వైపు కన్నడం కలుస్తుంది, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలుస్తుంది. రెండింటినీ ఒకే నోట పెడితే ఆ ఊరివారికి వెంటనే తెలిసిపోతుంది.

స్థానిక పదాల పక్కన బ్రాకెట్లో అర్థం రాయకండి, కథ కాస్తా పాఠ్యపుస్తకమవుతుంది. పనిలో పెట్టి చూపండి. "వామిలోంచి నాలుగు పరకలు పీకి ఆవు ముందర వేసింది" అంటే వామి ఏమిటో విజయవాడ పాఠకుడికీ తెలుస్తుంది. పాత మాట అర్థం మీద సందేహముంటే 1852 నాటి సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు చూడండి. కడపలో ఆయన పేరు మీదున్న భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం అందుకు మంచి చోటు.

పుస్తకం వేస్తాం, డబ్బు కట్టండి అంటున్నారు

అది ప్రచురణ కాదు, ముద్రణ సేవ. తప్పేమీ లేదు, కాకపోతే కాగితం మీద అలాగే ఉండాలి: ఎన్ని కాపీలు, ఏ సైజు, ఏ కాగితం, చివరి ఫైలు ఎవరి దగ్గరుంటుంది.

1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసిన క్షణంలోనే హక్కు మీదవుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అది ఉంటుంది. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతోనే చెల్లుతుంది. కాలం రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా తీసుకుంటారు. 'సర్వహక్కులూ శాశ్వతంగా' అన్న వాక్యం కనిపిస్తే కొట్టేసి 'ఈ ముద్రణకు మాత్రమే' అని రాయించండి. ఆడియో, సినిమా, అనువాద హక్కులు మీవేనని విడిగా రాయించుకోండి.

వెయ్యి కాపీలు వేశాం, మంచం కిందే ఉన్నాయి

ఆఫ్‌సెట్ ముద్రణలో అచ్చు కోసం ముందే చేయించే ప్లేట్ల ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే. అందుకే ఇంకో ఐదొందలు వేసుకుంటే కాపీ చవక పడుతుందంటారు. అమ్ముడుపోతేనే అది చవక. కొంటారని గట్టిగా నమ్మే మనుషుల పేర్లు రాసి లెక్కపెట్టండి. వంద దాటకపోతే, ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ముద్రణలో వందే వేయండి.

పేజీల లెక్క ముందే వేసుకోవాలి. 1,800 పదాల కథలు 12 అంటే 21,600 పదాలు. కథల పుస్తకాలకు మామూలుగా వాడే డెమీ 1/8 సైజులో, 13 పాయింట్ల అక్షరంతో పేజీకి 210 పదాల చొప్పున 103 పేజీలు. ముందుమాట, విషయసూచిక, కథల మొదటి పేజీల్లో వదిలే ఖాళీ కలిపితే 120 దాటుతుంది. ఒకే కాగితం మీద అచ్చయి మడతపడే ఫారానికి 16 పేజీలు గనక 128 దగ్గర ఆపితే ఎనిమిది ఫారాలు. 130 అయిందా, తొమ్మిదో ఫారం దాదాపు ఖాళీ. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితంతో 128 పేజీలకు వెన్ను, అంటే పుస్తకం మందం, సుమారు 6 మిల్లీమీటర్లు. పేజీలు ఖాయమయ్యాకే ఆ కొలత అట్ట వేసేవారికి ఇవ్వండి.

ధర విషయంలో పంపిణీదారు కమీషన్ మరవకండి. కాపీకి 70 రూపాయలు ఖర్చయి, 150 ధర పెట్టి, 40 శాతం కమీషన్ ఇస్తే మీ చేతికి 90. పోస్టు ఖర్చు, ఉచిత కాపీలు మిగిలిన ఆ 20లోంచే పోవాలి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు, ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దానికీ కాపీరైటుకూ సంబంధం లేదు. అట్ట ప్రెస్సుకు పోకముందే నంబరు రావాలి.

ప్రూఫు మూడుసార్లు, కాగితం మీదే చూడాలి. రెండోసారి ఈ కథలను అంతకుముందు చదవని మనిషికి చూపించండి, మీ కన్ను ఉన్న తప్పును కూడా ఒప్పుగానే చదివేస్తుంది. మూడోసారి దిద్దిన వరుసలు, వాటి కిందివి, విషయసూచికలో పేజీ నంబర్లు, వెన్ను మీద పేరు చూడండి. ఒక వరుస పెరిగితే కింది పేజీలన్నీ జరుగుతాయి.

గ్రంథాలయాలకు పుస్తకాలు అందజేయాలనే 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చట్టం కిందికి వచ్చే మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి. సొంతంగా వేసుకుంటే ప్రచురణకర్త మీరే. ఆ నాలుగూ, కథానిలయానికి ఒకటీ, కట్ట విప్పిన రోజే తీసి పక్కన పెట్టండి.