సర్వర్ క్రాష్ అయ్యేలోపే కెడంప్‌కు మెమరీ కేటాయించడం ఎలా?

నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఓ డేటాబేస్ సర్వర్ అర్ధరాత్రి దానంతటదే రీబూట్ అయింది. పొద్దున లాగిన్ అయితే లాగ్‌లలో ఏమీ లేదు. /వార్/క్రాష్ ఫోల్డర్‌లో మాత్రం ‘వీఎంకోర్-ఇన్‌కంప్లీట్’ అనే ఫైలు కనిపించింది. డంప్ (క్రాష్ అయిన క్షణంలోని మెమరీ కాపీ) రాయడం మొదలై, మెమరీ చాలక సగంలో ఆగిపోయింది. కారణం చివరిదాకా తేలలేదు. ఆ బాధ మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను.

కుప్పకూలిన కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన మెమరీని తానే భద్రపరుస్తుందని నమ్మలేం. అందుకే బూట్ అయ్యేటప్పుడే కొంత ర్యామ్ పక్కన పెట్టి, అందులో ఇంకో కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతారు. పానిక్ రాగానే, అంటే మొదటి కెర్నెల్ కుప్పకూలగానే, అది లేచి పాత మెమరీని డిస్కుకు రాస్తుంది. ఈ ఏర్పాటు పేరే కెడంప్. ఆ పక్కన పెట్టిన చోటు ఎంత అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో పద్ధతి ఇది. అన్నీ రూట్‌గానే (పూర్తి అధికారాలున్న అడ్మిన్ ఖాతాతో) చేయాలి, కమాండ్‌లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

1. ‘కెడంప్‌సీటీఎల్ ఎస్టిమేట్’ నడపండి. ఇప్పుడు ఎంత కేటాయించారో, ఎంత ఉంటే మంచిదో చెబుతుంది. మామూలు ఇంటెల్, ఏఎండీ సర్వర్లలో డిఫాల్ట్‌గా 1 నుంచి 4 జీబీ ర్యామ్‌కు 192 ఎంబీ, 64 జీబీ దాకా 256 ఎంబీ, ఆపైన 512 ఎంబీ ఉంటుంది. డంప్ రాసే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఇది చాలకపోవచ్చు, తాళం తీయడానికే చాలా మెమరీ పడుతుంది.

2. పెంచాలంటే, బూట్ సెట్టింగులు మార్చే ‘గ్రబీ’ కమాండ్‌తో అన్ని కెర్నెల్‌లకూ ‘క్రాష్‌కెర్నెల్=512ఎం’ అని ఇవ్వండి. వెర్షన్ 8లో వాడిన ‘ఆటో’ను ఇక్కడ ఇవ్వకండి, 9లో దాన్ని తీసేశారు.

3. రీబూట్ చేయండి. తర్వాత /సిస్/కెర్నెల్/కెక్సెక్_క్రాష్_సైజ్ ఫైలు చదవండి. 512 ఎంబీకి 536870912 కనిపించాలి. సున్నా వస్తే అసలు కేటాయింపే జరగలేదు. ‘కెడంప్‌సీటీఎల్ స్టేటస్’ కూడా ‘ఆపరేషనల్’ అనాలి.

4. ఇప్పుడు కావాలనే క్రాష్ చేయండి. చాలామంది టెన్షన్‌తో వదిలేసేది దీన్నే. మెయింటెనెన్స్ సమయం అడిగి తీసుకుని, సర్వీసులన్నీ ఆపి, /ప్రాక్/సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్‌లోకి ‘సి’ అక్షరం పంపండి. సర్వర్ అక్కడికక్కడే పడిపోతుంది. కన్సోల్ వదలకండి: రెండో కెర్నెల్ లేవడం, కాపీ శాతం పెరగడం, రీబూట్ కావడం వరసగా కనిపిస్తాయి. మధ్యలో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని పడితే ఇంకాస్త పెంచి మళ్లీ చేయండి.

లాగిన్ అయ్యాక /వార్/క్రాష్‌లో తేదీ పేరుతో ఫోల్డర్ ఉంటుంది. అందులో ‘వీఎంకోర్’ (అదే డంప్ ఫైలు), దాని పక్కన కెర్నెల్ సందేశాలుండే ‘వీఎంకోర్-డీమెసేజ్’ టెక్స్ట్ ఫైలు ఉండాలి. డిస్కులో చోటు తక్కువైతే టెస్టు డంప్‌ను తీసేయండి.