సాయంత్రపు చిరుతిండికి వేళ కుదర్చడం ఎలా?

బడి నుంచి వచ్చిన పిల్లలు పుస్తకాల సంచి దించకముందే జంతికల డబ్బా మూత తీసి, చీకటి పడేదాకా గుప్పెడు గుప్పెడుగా తింటూ, తీరా అన్నానికి పిలిస్తే ఆకలి లేదనడం మన గోదావరి ఊళ్ళలో ఇంటింటా ఉన్నదే. చిరుతిండి మాన్పించడం దీనికి మందు కాదు. దానికి ఒక వేళ, ఒక చోటు ఏర్పరచాలి.

జపాను వారు ఈ తిండిని ఒయాత్సు అంటారు. యాత్సు అంటే ఎనిమిది. రోజుకు రెండు పూటలే భోంచేసే పాతకాలంలో, వారి లెక్క ప్రకారం మధ్యాహ్నం రెండుకూ నాలుగుకూ నడుమ వచ్చే ఎనిమిదో వేళకు కాస్త ఎంగిలిపడేవారు కనుక, ఆ వేళ పేరే తిండికి పేరుగా నిలిచిపోయింది. స్వీడన్‌లో పెద్దలు సైతం పని ఆపి, నలుగురూ కూర్చుని కాఫీతో దాల్చినచెక్క బన్ను తింటారు. దాన్ని ఫికా అంటారు.

మన ఇంట్లో రాత్రి భోజనం ఎనిమిదింటికైతే, చిరుతిండిని ఐదింటికి పెట్టడం మేలు. పెట్టదలచినంత పళ్ళెంలో వేసి, డబ్బాను పిల్లలు చూస్తుండగానే అటకెక్కించాలి. అరుగు మీదో వంటింటి గడప దగ్గరో కూర్చునే తినాలి. టీవీ, ఫోను ఆ కాసేపూ కట్టేయాలి. మొదట్లో గోల తప్పదు, అయినా పట్టు సడలించకూడదు.

ఏం పెట్టాలన్నది కాలమే చెబుతుంది. వేసవిలో ముంజలున్నాయి. జామకాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది ఇవ్వవచ్చు. మెక్సికోలోనూ పండ్ల మీద కారం చల్లి, నిమ్మరసం పిండుకుని తింటారు. చలికాలంలో మాత్రం తేగలను మించినది లేదని నా గట్టి నమ్మకం. వాటిని మన్ను పోయేలా కడిగి, పై పొర ఒలిచి, రెండేసి ముక్కలు చేసి, ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో చాకు సులువుగా దిగేదాకా ఉడికించాలి. పెరడున్నవారు కుండలో పేర్చి తంపటి వేస్తే ఆ కమ్మదనమే వేరు. తేగను నిలువునా చీలిస్తే నడుమ లేత మొలక కనిపిస్తుంది, అదే చందమామ. అది తేగకు ఒక్కటే ఉంటుంది కనుక ఏ రోజు ఎవరి వంతో మా ఇంట్లో ముందే చెప్పి ఉంచుతున్నాం. ఐదు కొట్టేసరికి పిల్లలిద్దరూ పిలవకుండానే అరుగు మీద ఉంటున్నారు.